పదమూడో రోజు పిలుపు

మా కింది అంతస్తులో ఉండే ఇల్లాలు మొన్న లిఫ్టు దగ్గర కనిపించి తన తమ్ముడి సంగతి చెప్పుకుంది. తాగుడు మాన్పించే కేంద్రంలో చేర్పించారట. నెల రోజులు ఉండాల్సినవాడు పదకొండో రోజునే ఇంటి ముందు ఆటో దిగాడట.

"మధ్యలో పారిపోయి వచ్చేశాడండి. వాడికే మానాలని లేనప్పుడు మనమేం చేస్తామండి" అంది.

ఓదార్పుగా నాలుగు మాటలు చెప్పవలసినదాన్ని, తలూపి ఊరుకున్నాను. పారిపోయి అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఆ మాటను చాలా ఏళ్ళ కిందట ఇంకో మనిషి గురించి కూడా అన్నారు. ఆమెదీ ఈ నల్లగండ్లే. ఇప్పుడు మా అపార్టుమెంటు ఉన్నచోట అప్పట్లో జొన్నచేలు ఉండేవి. వాటి గట్ల మీదుగా చంకలో గుడ్డసంచీ పెట్టుకుని నడిచి వచ్చేది.

ఆమె మంత్రసాని. పేరు నాకు తెలియదు. అడగాలని కూడా తోచలేదు, ఎందుకంటే ఎవరికీ ఆ పేరుతో పని పడేది కాదు. ఊళ్ళో వాళ్ళు అవ్వ అనేవాళ్ళు. బయట ఊళ్ళకు నల్లగండ్ల మంత్రసాని. గచ్చిబౌలి నుంచి కోకాపేట దాకా ఆ బండరాళ్ళ మధ్య ఉన్న పల్లెల్లో ఎవరింట నొప్పులు మొదలైనా కబురు ఆమెకే వెళ్ళేది.

మేం తెలంగాణ గొడవలు సద్దుమణిగిన మరుసటేడు గోదావరి వైపు నుంచి లింగంపల్లి వచ్చాం. మావారు రైల్వే స్టేషన్లో పార్శిలు గుమస్తా. స్టేషను పక్కన నాలుగే నాలుగు క్వార్టర్లు. చుట్టూ బండలు, సీతాఫలం పొదలు, ఈతచెట్లు. మా మాట వినగానే ఎక్కడివాళ్ళమో తెలిసిపోతుందని బావి దగ్గర కూడా నోరు విప్పడానికి జంకే రోజులు. నాకు పుట్టింట అమ్మ లేదు కాబట్టి తొలి కాన్పుకి అత్తయ్యగారే ఇక్కడికి వచ్చారు. ఆ ఊళ్ళో నన్ను మొదట నవ్వించిన మనిషి ఈ మంత్రసాని. అదీ పురిటి నొప్పుల్లో.

పురిటిగదిలోకి అడుగుపెట్టే ముందు ఆమె చేసే పని ఒకటుంది. బూడిదతో మోచేతుల దాకా రుద్దుకుని, వేడినీళ్ళతో కడుక్కుని, గుమ్మంలో వెలుతురుకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ చాపి చూసుకునేది. వేళ్ళు కదలకుండా ఉంటేనే గడప దాటేది. మొదటిసారి చూసినప్పుడు దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. ఆ తరువాత ఆముదం రాస్తూ లోపలి బిడ్డతో తగువు పెట్టుకునేది.

"తొమ్మిది నెలలు కిరాయి లేకుంట ఉన్నవ్. ఇగ చాలు, ఇల్లు ఖాళీ చెయ్. ఇంటామె పరేషానైతుంది."

నొప్పి పట్టలేక నేను "నావల్ల కాదండీ" అని అరిస్తే అత్తయ్యగారి వైపు తిరిగి, "చూసిన్రా అమ్మా, పానం మీదికొచ్చినా ఈ పిల్ల 'అండి' ఇడుస్తలేదు" అంది. అంత బాధలోనూ నవ్వొచ్చింది. మా అబ్బాయి కాళ్ళతో ఎదురు తిరిగి వచ్చినవాడు. రెండు రోజులు నన్ను నిలువునా చీల్చినవాడు. ఆమె తొందరపడకుండా, గుడ్డలోంచి గాజుసామాను తీసినట్టు తీసింది. ఆ చేతులే లేకపోతే ఈ నాలుగు మాటలు రాయడానికి నేనుండేదాన్ని కాను.

అత్తయ్యగారు చీర పెట్టి, బియ్యం కొలిచి, గ్లాసుడు మజ్జిగ ఇచ్చారు. ఆమె ఆ మజ్జిగ వైపు ఒకసారి చూసింది.

"మీ ఇంట్ల నోరు తడిసే దారి లేదు బిడ్డా" అని నవ్వి, తాగి, తిన్నగా స్టేషను అవతలి కల్లుదుకాణానికి వెళ్ళింది.

మా ఇంటి పద్ధతి అది. ఇక్కడి ఇళ్ళ పద్ధతి వేరు. బిడ్డ భూమ్మీద పడగానే కల్లు తెచ్చి, అమ్మవారి పేరున కాస్త నేల మీద పోసి, మిగిలింది మంత్రసానికి ఇస్తారు. అది కూలి కాదు. ఆమె తాగితే బిడ్డ చల్లగా ఉంటుందని. తాగకుండా గడప దాటిందంటే, బిడ్డలో ఏదో కీడు కనిపించి పైకి చెప్పలేక పోతోందని ఆ ఇంటివాళ్ళు బెంబేలు పడిపోతారు. ఆ విధంగా పాతికేళ్ళు, ఇంటింటా తాగింది. మొదట్లో అంతా చెట్టు మీంచి దించిన కల్లేనట. మేం వచ్చే నాటికి దుకాణం సీసాలు వచ్చేశాయి.

"చెట్టు కల్లు తాగితే నిద్రొస్తుండె. దీంట్ల ఏం పొడి కలుపుతరో, తాగకుంటే నిద్రొస్తలేదు" అనేది.

మా అబ్బాయికి నలుగు పెట్టడానికి నెలరోజులు వచ్చింది. అప్పుడు గమనించాను. పొద్దున్నే వచ్చినప్పుడు గుమ్మంలో చేతులు చాపి చూసుకునేది. వేళ్ళు వణికేవి. పెరటివైపు వెళ్ళి సంచీలోంచి సీసా తీసి రెండు గుక్కలు వేసుకుని, కాసేపు గోడకానుకుని కూర్చుని, మళ్ళీ వచ్చి మళ్ళీ చాపేది. ఈసారి వేళ్ళు నిలిచేవి. అప్పుడు వచ్చి బిడ్డను ఎత్తుకునేది. ఆ చేతుల పరీక్ష ఎందుకో నాకప్పటికి అర్థమైంది.

ఆ ఎండాకాలం దుకాణం వేలంపాట తగాదా వచ్చి కల్లుదుకాణం మూడు రోజులు మూసేశారు. మూడో రోజు మధ్యాహ్నం ఆమె మా క్వార్టరు మెట్ల దగ్గర పడిపోయింది. ఒళ్ళంతా కొట్టుకుంది. గోడ మీద ఏవో పాకుతున్నాయని చేత్తో దులిపింది. మావారూ స్టేషను వాళ్ళూ కలిసి సాయంత్రం బండిలో పట్నం తీసుకెళ్ళి దవాఖానలో చేర్చారు. ఐదు రోజుల తరువాత గోళీల పొట్లంతో తిరిగి వచ్చింది. ఒక్క చుక్క కూడా ముట్టవద్దన్నారు. రెండు వారాలు ముట్టలేదు. మా మెట్ల మీద కూర్చుని నా చేతి కాఫీ తాగి, "మీ కాఫీ గూడ కల్లు అసొంటిదే, రోజూ గుంజుతది" అని మొహం చిట్లించేది. నేను రోజూ దేవుడికి ఆమె పేరున దీపం పెట్టాను.

ఒకరోజు వచ్చినప్పుడు దూరం నుంచే వాసన తెలిసిపోయింది. నాకు కోపం వచ్చింది.

"ఎందుకు తాగావవ్వా? గోళీలు ఇచ్చారు కదా. ఇన్నాళ్ళు ఉన్నదానివి ఇంకొన్నాళ్ళు ఉండలేకపోయావా?" అన్నాను.

ఆమె మెట్టు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"గోపన్‌పల్లిల ఆడపిల్ల పుట్టింది. ముసలామె సీస దెచ్చి ముంగట పెట్టింది. వద్దన్న. దవాఖాన గోళీలు మింగుతున్న, ముట్టొద్దన్నరు అన్న. ఆమె నా మొకం జూసింది, పిల్ల మొకం జూసింది. ఏం గనవడ్డదవ్వా, చెప్పు అన్నది. ఏం లేదు తల్లీ, బంగారమసొంటి పిల్ల అన్న. ఏం లేకుంటే తాగుతుంటివి గద అన్నది. ఇగ ఏడుపు షురువైంది. పచ్చి బాలింత ఆ ఏడుపు ఇని పిల్లను పక్కకు పెట్టింది. పాలిస్తలేదు. ఎంత చెప్పినా ఇంటలేరు. నా నోరు కాపాడుకోవాల్నా బిడ్డా, ఆ పిల్ల నోట్లె పాలు పడాల్నా?"

"తాగావా?"

"తాగిన. తాగంగనే పిల్లను ఎత్తుకున్నరు."

కొన్నాళ్ళు ఈ పనే మానేయమన్నాను. నా తెలివి అంతవరకే.

"ఇంకేం పని వస్తది నాకు? ఈ పనిల ఉంటే తాగాలె. తాగుకుంట ఉంటే చేతులు నిలుస్తలేవు, ఈ పని చెయ్యరాదు. ఎటు మలిగినా గదే గోడ" అని చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటివైపే చూస్తూ కూర్చుంది.

మరుసటేడు నాకు మళ్ళీ నెల తప్పింది. ఆరో నెలలో ఒకరోజు నా పొట్ట తడిమి చూస్తూ, ఆమె తనంతట తనే అంది.

"మీ సారుకు చెప్పు బిడ్డా. నన్ను మల్ల దవాఖానల ఎయ్యమను. ఈసారి పూరాగ ఉంట. నీ కాన్పు నాటికి నా చేతులు నాక్కావాలె."

మావారు పట్నం వెళ్ళి డాక్టరుగారిని బతిమాలి మంచం ఇప్పించడానికి రెండు నెలలు పట్టింది. ఇరవై ఒక్క రోజులు లోపలే ఉండాలి, ఒక్కరోజు కూడా బయటకు పంపేది లేదు అన్నారట ఆయన. ఆ మాట వినగానే ఆమె పడీ పడీ నవ్వింది. పురుడైన ప్రతి ఆడదాన్నీ ఇరవై ఒక్క దినం గడప దాటొద్దని గదమాయించేది ఆమే.

"ఇగ మీ డాక్టరు నన్ను బాలింతను జేస్తుండు. పథ్యం గూడ పెడతడో ఏందో" అంది.

నవ్వింది గానీ ఏర్పాట్లన్నీ చేసుకుంది. ఊరూరా తిరిగి మూడు వారాలు తను రానని చెప్పి వచ్చింది. కాన్పులేమైనా ఉంటే కొండాపూర్ మంత్రసానిని పిలుచుకోమంది. నాకూ అదే చెప్పింది. "నీకింక నెల మీద ఉన్నది. ఫికర్ చెయ్యకు, నేనొస్త. ముందుగాల ఏమన్నయితే కొండాపూర్ ఆమెను పిలువుండ్రి. మంచి చెయ్యి."

తొమ్మిదో రోజు ఆదివారం. పొద్దుటి బండికి మావారితో కలిసి చూడటానికి వెళ్ళాను. ఆడవాళ్ళ వార్డులో ఓ మూల మంచం మీద, తలకు గుడ్డ చుట్టుకుని, అచ్చం బాలింతలా కూర్చుని ఉంది. గాలి కొడుతుందని ఆయా చేత కిటికీ మూయించిందట.

"నర్సమ్మ నన్ను పేరు వెట్టి పిలుస్తది. రెండు దినాలు ఎవల్నో పిలుస్తుందనుకుని పలకలే. పెండ్లయినకాడికెంచి ఆ పేరు ఇననే లేదు" అని నవ్వింది. ఆ తరువాత గ్లాసు నిండా, అంచు దాకా నీళ్ళు పోసి, కుడిచేత్తో పట్టుకుని నా ముందు చాచింది. ఒక్క చుక్క జారలేదు. ఎడమచేతికి మార్చి మళ్ళీ చాచింది.

"ఇంక పన్నెండు దినాలు" అంది.

ఇప్పుడు చెప్పబోయేది నా సంగతి. ఇన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు.

పదమూడో రోజు పొద్దున్నే నాకు నొప్పులు మొదలయ్యాయి. నెల నిండక ముందే. అత్తయ్యగారు కబురు పెడితే కొండాపూర్ మంత్రసాని గంటలో వచ్చేసింది. శుభ్రమైన మనిషి, నెమ్మదైన మనిషి. పొట్ట తడిమి చూసి, బిడ్డ తిన్నగానే ఉంది, సాయంత్రానికి అవుతుంది అంది. ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. అంతే, ఇంకే తప్పూ లేదు. ఆ చల్లదనానికి నాకు మా అబ్బాయి కాన్పు, ఆ రెండు రోజులు, ఆ కాళ్ళు గుర్తొచ్చి భయం పట్టుకుంది. అవ్వ వస్తే గానీ నేను బతకను, పిలిపించండి అని ఏడ్చాను. అత్తయ్యగారు నచ్చజెప్పారు. కొండాపూర్ ఆమె నచ్చజెప్పింది. నేను వినలేదు. మావారు మూడు గంటల బండి పట్టుకుందామని పార్శిలాఫీసు తాళాలు ఇంకొకరికిచ్చి వెళ్ళారు.

దవాఖానలో జరిగింది ఆయన నాకు ముక్తసరిగానే చెప్పారు. వార్డు గుమ్మం దగ్గర నర్సు ఎవరు కావాలి, పేరేమిటి అని అడిగిందట. చేర్చిననాడు పేరు ఆమే చెప్పి రాయించుకుంది, ఆయనకూ తెలియదు. తలుపు దగ్గరే నిలబడి, "నల్లగండ్ల మంత్రసానిగారు ఉన్నారాండి? మా ఇంట్లో నొప్పులొచ్చాయి" అన్నారట. మూలమంచం మీంచి ఆమె లేచి నిలబడిందట. డాక్టరుగారు లేరు, రేపటిదాకా ఆగు, ఇప్పుడు వెళితే ఈ మంచం ఉండదు అని నర్సు చెబుతూనే ఉందట. ఆమె అప్పటికే చెంగు దోపుకుందట.

దీపాల వేళకు ఇంటికి చేరారు. ఆమె బూడిదతో చేతులు రుద్దుకుని, కడుక్కుని, గుమ్మంలో లాంతరుకి ఎదురుగా చాపింది. నేను మంచం మీంచి చూస్తున్నాను. ఉదయపు గోళీ ప్రభావం అయిపోయిందో, రైలు కుదుపో, నా కేకలో, వేళ్ళు ఆకుల్లా ఊగుతున్నాయి. కిందికి దించి, దులిపి, మళ్ళీ చాపింది. మళ్ళీ అంతే. కొండాపూర్ ఆమె పక్కకు జరిగి దారిచ్చింది. నువ్వు చెయ్యి, నేను పక్కన కూర్చుంటాను అని అవ్వ ఆమెతో అని ఉండవచ్చు కదా అని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ నేను ఆమె చెయ్యి పట్టుకుని విడవడం లేదు.

ఆమె అత్తయ్యగారి వైపు తిరిగింది.

"అమ్మా, ఒక సీస దెప్పియ్యి. ఈ చేతులతోని బిడ్డను పట్టను."

మా అత్తయ్యగారు ఏకాదశి ఉపవాసాలు, మడి ఆచారాలు ఒక్కటీ వదలని మనిషి. ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూశారు. నేను, "తెప్పించండి" అన్నాను. ఆ మాట నొప్పి అన్నది కాదు. నేనే అన్నాను. అత్తయ్యగారు తన చేత్తోనే గ్లాసులో పోసి ఇచ్చారు. ఆమె గ్లాసు అందుకుని, తాగబోయే ముందు ఎందుకో ఆగింది. నేను, "తాగవ్వా" అన్నాను.

అరగంటకి వేళ్ళు నిలిచాయి. మా అమ్మాయి ఏ కష్టమూ పెట్టకుండా పుట్టింది. నేను చేతులెత్తి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను, ఆమెకూ పెట్టాను. బయట వరండాలో కొండాపూర్ ఆమె సంచీ సర్దుకుంటూ అత్తయ్యగారితో మెల్లిగా అనడం వినిపించింది.

"కాన్పు సులువుగనే ఉండె అమ్మా. నేను జేసెటిదాన్నే."

ఆ మాట ఆమె కూడా విన్నది. నా వైపు చూడలేదు. బిడ్డ బొడ్డుకి నూనె గుడ్డ కడుతూ ఉండిపోయింది.

వారం తిరక్కుండానే పాత లెక్కకి వచ్చేసింది. మావారు మళ్ళీ పట్నం వెళ్ళి మంచం అడిగారు. డాక్టరుగారు పుస్తకం తెరిచి చూపించారట. చెప్పకుండా పారిపోయింది అని రాసి ఉందట.

"ఇరవై మంది బయట ఎదురుచూస్తున్నారు. మానాలని ఆమెకే లేదు, నేనేం చెయ్యను?" అన్నారట.

"పారిపోలేదండి అని చెప్పబోయాను. మరి ఎవరు తీసుకెళ్ళారని అడుగుతారు కదా. నోరు రాలేదు" అన్నారు మావారు, చెప్పులు విడుస్తూ. ఆ పూట ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా అన్నం తిన్నాం.

ఆమె మాత్రం మా ఇంటికి రావడం మానలేదు. మెట్ల మీదే కూర్చునేది. మా అమ్మాయి నడక నేర్చి, పరుగెత్తుకుంటూ వెళ్ళి మీద పడితే, చేతులు వెనక్కి పెట్టుకుని మోకాళ్ళతో అడ్డుకునేది. "నన్ను పట్టుకోకు తల్లీ, నువ్వే నిలబడు" అనేది. ఒకటి రెండు ఇళ్ళలో చెయ్యి జారిందన్న మాట పుట్టింది. అవతల బండల్లో యూనివర్సిటీ కడుతున్నారని లారీలు తిరగడం మొదలైన ఏడాది పల్లెలకు సర్కారు నర్సమ్మ సైకిలు మీద వచ్చింది. ఇక ఆమెను పిలిచేవాళ్ళు లేకపోయారు. ఒకప్పుడు పని మానితే తాగుడు మానుతుందనుకున్నదాన్ని. పని దానంతటదే మానింది. తాగుడు మిగిలింది.

మాకు బదిలీ అయినప్పుడు చెప్పి వెళదామని నల్లగండ్లలో ఆమె ఇంటికి వెళ్ళాం, నేనూ మావారూ ఆరేళ్ళ మా అమ్మాయీ. కుక్కిమంచంలో గొంగడి కప్పుకుని పడుకుని ఉంది. చేతులు గొంగడి లోపలే ఉంచుకుంది. మా అమ్మాయిని కళ్ళతోనే పైనుంచి కింది దాకా చూసింది. నేను మంచం పక్కన కూర్చుని, ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది అనేశాను.

"ఆ రోజు నేను పిలవకుండా ఉండాల్సిందవ్వా. ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి."

ఆమె పాత నవ్వు నవ్వింది.

"పిచ్చిపిల్లా. నువ్వు పిలిస్తే వచ్చిననుకున్నవా? ఆ దినం పొద్దుగాలనే మూట గట్టుకున్న. అక్కడుండుడు నాతోని గాలే. ఎట్ల ఉరుకుదునా అని సూస్తున్న. గింతల మీ సారొచ్చిండు. మీ పేరు జెప్పి వచ్చిన. గంతే."

నా గుండె మీంచి బండ దొర్లినట్టయింది. నిజమేనా అవ్వా అని కూడా అడిగాను. నిజమే బిడ్డా, ఇగ పో, బండి పోతది అంది.

పట్టాల పక్కగా నడుచుకుంటూ తిరిగి వచ్చాం. స్టేషను కనిపించాక మావారు నడక ఆపారు.

"మూట కట్టుకోలేదు. నేను వెళ్ళేసరికి పళ్ళెంలో అన్నం కలుపుకుని తింటోంది. నన్ను చూసి ఆ ముద్ద పళ్ళెంలోనే వదిలేసి లేచింది. ఆవిడ గుడ్డలూ సంచీ మంచం కిందే ఉన్నాయి. అవి తెచ్చుకోవడం కూడా మరిచిపోయి బండెక్కింది" అన్నారు.

ఆ తరువాత ఏడాదికి ఆమె పోయిందని ఎవరో చెప్పగా తెలిసింది.

సాయంత్రం దీపం పెట్టాక, ఆ రోజు నాకు అందినవన్నీ ఒక్కొక్కటిగా తలుచుకుని దణ్ణం పెట్టుకోవడం మా నాన్నగారు ఇంట్లో అక్షరాలతో పాటు నేర్పిన చదువు. నీళ్ళు, తిండి, పిల్లల ఆరోగ్యం, ఎవరో అన్న ఒక మంచి మాట, ఏదీ చిన్నదని వదలను. ఆమె చేతులకు కొన్ని వేల సార్లు దణ్ణం పెట్టుకుని ఉంటాను. గొంగడి కింద చేతులు దాచుకుని ఆమె నాకిచ్చిన ఆ అబద్ధాన్ని మాత్రం ఒక్కనాడూ ఆ వరసలో చేర్చలేదు. దానికి దణ్ణం పెట్టానంటే పుచ్చుకున్నట్టే. పుచ్చుకున్ననాడు ఆమె నిజంగానే పారిపోయినదవుతుంది.